తేలని నలభై ఒక్క కిలోమీటర్లు

నవంబరు 9

ఒరేయ్ బొంగరం,

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరాలేమిటని మీ ఆవిడతో కలిసి నవ్వుకోకు. ఫోను సొరుగులో పెట్టి తాళం వేశాను. పోయిన జనవరిలో మీ బావ పనిచేసే పంపుహౌసు వాళ్ళు చేసినప్పుడు మోగింది చూడు, ఆ మోత నా చెవుల్లో ఇంకా ఆగలేదు. ఎవరు చేసినా అదే మోత. ఇకనుంచి నాతో ఏం చెప్పాలన్నా కాగితం మీద చెప్పు. ఎనిమిదో తరగతిలో బడి ఎగ్గొట్టి స్పానరు పట్టుకున్నవాడివి, ఈ వంకనైనా నాలుగు అక్షరాలు రాస్తావు.

విషయానికొస్తాను. మీ బావ కారు పొద్దున్నే దానంతటదే లేస్తోంది.

నవ్వావంటే చంపుతాను. ఇన్నాళ్ళూ వెనక గదిలో పడుకున్నాను కదా, అక్కడికి ఏమీ వినపడేది కాదు. మొన్నామధ్య మంచం ముందు గదిలోకి మార్చాను. షెడ్డు ఆ గోడకి అవతలే. మొదటిరోజు పొద్దున సరిగ్గా అయిదూ నలభైకి టక్కుమంది. ఆ తర్వాత లోపల ఎవరో నిదానంగా ఊపిరి తీస్తున్నట్టు హోరు. శాలువా కప్పుకుని వెళ్ళి చూశాను. తలుపులు వేసే ఉన్నాయి. తాళంచెవి నా దిండు కిందే ఉంది. ముందు అద్దానికి పట్టిన మంచు మాత్రం కరిగి కిందికి జారుతోంది. తలుపు తీసి డ్రైవరు సీటు మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది, ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు.

మీ బావ ఆరింటికి డ్యూటీకి బయల్దేరేవారు. నీకు తెలుసు కదా.

రోజూ ఇదే వరస. ఆదివారం ఒక్కరోజు లేవదు. ఆదివారం ఆయనకి సెలవు.

ఇంకో ప్రశ్న. ఎందుకడుగుతున్నావని అడక్కుండా సూటిగా జవాబు రాయి. ఈ బండిలో కిలోమీటర్ల అంకె పెరిగి, పెట్రోలు ముల్లు కదలకుండా ఉండటం జరుగుతుందా?

మరదలికి ఆరో నెల కదా, మెట్లెక్కనివ్వకు. నువ్వు ఊరంతా తిరగడం తగ్గించు.

మీ అక్క


నవంబరు 16

అక్కా,

నేను నవ్వలేదు. మీ మరదలు కూడా నవ్వలేదు. నీ ఉత్తరం చదివినప్పట్నుంచి మా స్కూటరు వంక కూడా అనుమానంగా చూస్తోంది.

భయపడకు. అది దెయ్యం కాదు, గడియారం. బావ తెలివి. చలిరోజుల్లో ఎక్కగానే చల్లగా ఉండకూడదని బండికి టైము చెప్పి పెట్టుకున్నాడు. సోమవారం నుంచి శనివారం దాకా, ఆరింటికి బయల్దేరతాను, ఇరవై నిమిషాల ముందే వేడెక్కి ఉండు అని. ఛార్జింగు ప్లగ్గు గోడకే ఉంటుంది కాబట్టి ఆ వేడికి కరెంటు ఇంట్లోంచే లాక్కుంటుంది. చెప్పినవాడు లేడని దానికి తెలీదు కదా. చెప్పిన పని చేసుకుపోతోంది.

ఆపడం తేలిక. బండిలో తెర మీద ప్లగ్గు బొమ్మ నొక్కు. అందులో గడియారం బొమ్మ ఉంటుంది, అది నొక్కు. ఆరు గంటలు అని కనిపిస్తుంది, పక్కన చిన్న బొత్తాం వెలుగుతూ ఉంటుంది. దాన్ని ఆర్పెయ్. అయిపోయింది. ఈ రోజే ఆర్పు. పొద్దున్నే ఉలిక్కిపడి లేచే ఖర్మ నీకెందుకు?

ఈ బండి సంగతి నీకు ఎవరూ విడమరిచి చెప్పినట్టు లేదు. నీ కుట్టుమిషను గుర్తు తెచ్చుకో. తొక్కుడు మిషనుకి నేను మోటారు బిగించి ఇచ్చాను కదా. కరెంటుంటే మోటారు తిప్పుతుంది, నీ కాలికి పని లేదు. కరెంటు పోయిందా, కాలితో తొక్కుతావు. తిప్పేది ఎవరో గుడ్డకి తెలీదు, కుట్టు మాత్రం పడిపోతూ ఉంటుంది. ఇదీ అంతే. గోడ ప్లగ్గు నుంచి నింపుకున్న కరెంటు అయిపోయేదాకా మోటారు లాగుతుంది, చప్పుడుండదు. అయిపోగానే ఇంజను అందుకుంటుంది. నడిరోడ్డు మీద దిగబడటం అంటూ ఉండదు. చాలామంది దీన్ని ఉత్త కరెంటు బండి అనుకుని దూరం వెళ్ళడానికి జంకుతారు. ఇంకొందరు ఉత్త పెట్రోలు బండి అనుకుని అసలు ప్లగ్గే పెట్టరు. మా రిపేరు షెడ్డుకి ఒకాయన వచ్చాడు, కొని రెండేళ్ళయినా ఛార్జింగు తీగకి కవరు కూడా విప్పలేదు. పైగా మైలేజీ రావట్లేదని మా మేస్త్రి మీద విరుచుకుపడ్డాడు. మేస్త్రి ఆ తీగ తీసి ఆయన మెళ్ళో వేసి, ముందు దీన్ని వాడండి సార్ అన్నాడు.

నీ రెండో ప్రశ్నకి జవాబు. ఔను, జరుగుతుంది. కరెంటు మీద నడిస్తే అంకె పెరుగుతుంది, పెట్రోలు ముల్లు కదలదు. దానికోసమే కదా ఈ బండి. అంతే.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. డాక్టరమ్మ ఫిబ్రవరి పదిహేడు అంది. మీ మరదలికి అమ్మ లేదు. నాకూ లేదు, ఉన్నది నువ్వే. నా ముక్కు తుడిచి పెంచినదానివి, నా బిడ్డ ముక్కు తుడవడానికి రావా? నూట తొంభై కిలోమీటర్లు. బస్సు పడదంటావు కాబట్టి కారులోనే రా. ఫిబ్రవరి మొదట్లోనే వచ్చెయ్.

నీ బొంగరం


నవంబరు 27

ఒరేయ్ బొంగరం,

నువ్వు చెప్పినట్టే గడియారం ఆపేశాను. ఇప్పుడు షెడ్డులో చప్పుడు లేదు. సంతోషమా?

కుట్టుమిషను పోలిక బాగుంది. ఆసుపత్రిలో నేను పనిచేసే కుట్టు గదిలో మా వాళ్ళకి చదివి వినిపించాను. మీ తమ్ముడు బడి మానకపోతే పంతులయ్యేవాడు అన్నారు. మానబట్టే తెలివి మిగిలింది అన్నాను.

నేను బండి బాగానే నడుపుతున్నాను, దిగులు పడకు. రాత్రి ప్లగ్గు పెడతాను, పొద్దున చూస్తే కరెంటు మీద నలభై మూడు కిలోమీటర్లు అని చూపిస్తుంది. ఆసుపత్రికి తొమ్మిది, రావడానికి తొమ్మిది. సామాన్లకి వెళ్తే ఇంకో ఆరు. రోజుకి ముప్ఫై దాటనివ్వను. గట్టిగా తొక్కితే ఇంజను లేస్తుందని మీ బావ ఒకసారి చెప్పారు కాబట్టి కాలు మెత్తగా ఆనిస్తాను. వెనక లారీవాళ్ళు హారన్లు కొట్టి కొట్టి దాటుకుపోతారు. ఒకడు కిటికీ దించి, అమ్మా, మీరు దిగి నడిస్తే ముందు చేరతారు అన్నాడు. అననీ. హీటరు కూడా వెయ్యను, శాలువా కప్పుకుని నడుపుతాను.

రావడం గురించి రాశావు. కుట్టు గదిలో పని పేరుకుపోయింది. చిరిగిన దుప్పట్లు గుట్టలుగా ఉన్నాయి. నాకు కుదరదురా. మీరే మంచి ఆయాని చూసుకోండి. బిడ్డ పుట్టాక తీసుకురండి, ఇక్కడ చూస్తాను.

మీ అక్క


డిసెంబరు 8

అక్కా,

కుదరదు అని ఎంత తేలిగ్గా రాశావు! మీ మరదలికి ఆ ముక్క చదివి వినిపించలేదు. అక్క ఆలోచిస్తానంది అని చెప్పాను. ఆ అబద్ధం మీద నాలుగు రోజుల నుంచి నీకోసం గది సర్దుతోంది.

ఆసుపత్రిలో దుప్పట్లు ఏనాడు పేరుకోలేదు? నిజం చెప్పు. నా మీద కోపమా? ఈ బండి బావ చేత కొనిపించింది నేనే. ఆయన పడిపోయిన రోజు నేను రావడం ఆలస్యమైంది, నిజమే. ఆ తొమ్మిది రోజులూ ఇంట్లో నీ పక్కన కూర్చోకుండా బయట తిరిగాను, అదీ నిజమే. నువ్వు అప్పుడు ఒక్క మాట అనలేదు. అనేసి ఉంటే బాగుండేది.

దూరానికే భయమైతే ఇంకోసారి చెబుతాను, విను. మొదటి నలభై కిలోమీటర్లు కరెంటు లాగుతుంది. మిగిలిన నూట యాభై పెట్రోలు. మధ్యలో ఎక్కడా ఛార్జింగు కోసం వెతుక్కోనక్కర్లేదు. ట్యాంకు నిండుగానే ఉంది కదా. దాన్ని అలా దాచుకుని ఏం చేస్తావు, పచ్చడి పెట్టుకుంటావా? నేనే వచ్చి తీసుకెళ్దునేమో గానీ మీ మరదలికి కాళ్ళు వాచాయి, ఒంటరిగా వదలొద్దన్నారు.

ఇంకో మాట, మెకానిక్కుగా. గడియారం ఆపాక పొద్దున నలభై ఏడు చూపించాలి. నలభై మూడే ఉంటోందంటే ఆ నాలుగూ ఎక్కడికి పోతున్నాయి? మీ గోడ ప్లగ్గు చిన్నది. వేడి చెయ్యడానికి అది చాలక బ్యాటరీలోంచి కాస్త తీసుకుంటుంది, అందుకని మునుపు తగ్గేది. ఇప్పుడు తగ్గకూడదే. బ్యాటరీ నీరసపడిందేమో. తీసుకొస్తే చూస్తాను. దానికోసమైనా రా.

బొంగరం


డిసెంబరు 21

ఒరేయ్,

కోపం లేదు. కోపముంటే నీకు నేరుగానే పడేవి, చిన్నప్పట్నుంచీ ఎరుగుదువు కదా.

నిన్న జరిగింది చెబుతాను. ఆసుపత్రికి వెళ్తున్నాను. ఇంటినుంచి నాలుగు కిలోమీటర్లు కూడా కాలేదు, బ్యాటరీ నిండుగా ఉంది. ఎర్ర దీపం దగ్గర ఆగి ఉన్నాను, కాలు బ్రేకు మీదే ఉంది. ఇంజను లేచింది. ఏడాది తర్వాత ఆ చప్పుడు. మీ బావ షిఫ్టు దిగొచ్చి వీధి మలుపు తిరిగేటప్పుడు వినిపించేదే, అదే. తెర మీద ఏదో రాత. పక్కకి లాగి చదివాను. ట్యాంకులో ఇంధనం పాతబడిందట, వాడెయ్యడానికి ఇంజను నడుస్తోందట. ఆపుదామని ఏదేదో నొక్కాను. ఆగదు. బండి మొత్తం ఆర్పేసి, అక్కడే వదిలేసి, ఐదు కిలోమీటర్లు నడిచి పనికి వెళ్ళాను. సాయంత్రం వచ్చి తాళం తిప్పానో లేదో మళ్ళీ మొదలు. ఇంటిదాకా చెవులు మూసుకోలేక, చేతులు స్టీరింగు మీంచి తియ్యలేక, ఎలా వచ్చానో నాకే తెలీదు.

ఇప్పుడు నీకు చెప్పక తప్పదు.

ఆ పెట్రోలు మీ బావ పోయించింది. శుక్రవారం సాయంత్రం. వచ్చి చెయ్యి కడుక్కోకుండానే నా బుగ్గ గిల్లారు, పెట్రోలు వాసన. ట్యాంకు నింపించాను, ఎల్లుండి చెప్పాపెట్టకుండా మీ బొంగరం ఇంటిమీద పడదాం, కొత్త కాపురం చూసొద్దాం అన్నారు. శనివారం పంపుహౌసులో పడిపోయారు.

ఆయన ఆఖరుసారి నింపింది అది. నేను ఒక్క చుక్క కాలనివ్వలేదురా. అందుకే ముప్ఫై దాటను. అందుకే శాలువా. పచ్చడి పెట్టుకుంటావా అన్నావు. ఔను, అలాంటిదే అనుకో. పొద్దున ఎక్కగానే ముల్లు చూస్తాను, నిండుగా ఉంటుంది. ఆ రోజుకి అది చాలు.

ఇంకోటి కూడా ఉంది. పంపుహౌసులో షిఫ్టు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మీటరు చూసి పుస్తకంలో రాయడం వాళ్ళకి అలవాటు కదా. ఆ చేత్తోనే పెట్రోలు పోయించినప్పుడల్లా కిలోమీటర్ల అంకె చిన్న పుస్తకంలో రాసి బండి అరలో పెట్టేవారు. శుక్రవారం నాడు రాసింది 31412. నలభై రోజుల తర్వాత ధైర్యం చేసి మొదటిసారి బండిలో కూర్చున్నాను. అంకె 31872 ఉంది. నాలుగు వందల అరవై పెరిగింది. ముల్లు మాత్రం నిండుగానే ఉంది.

ఎవరినీ అడగలేదు. అడిగితే పిచ్చిదన్నట్టు చూస్తారు. నిన్నడిగాను. జరుగుతుంది అని నువ్వే రాశావు. అంకె పెరుగుతుంది, ముల్లు కదలదు అని. ఆ మాట చదివి ఎన్ని నెలల తర్వాతో కడుపునిండా తిన్నాను. అంటే ఆయన తిరిగారు. చప్పుడు చెయ్యకుండా, నాకోసం పెట్రోలు ముట్టుకోకుండా తిరిగారు. ఎక్కడికి వెళ్ళారో నాకు అక్కర్లేదు.

ఇప్పుడు ఆ ఇంజను దాన్ని తాగేస్తోంది. ఎలా ఆపాలో చెప్పు. ఏదో తీగ పీకితే ఆగుతుందా? ఏది పీకాలో బొమ్మ గీసి పంపు. తొందరగా.

మీ అక్క


జనవరి 6

అక్కా,

మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది చింపను.

ఆ కిలోమీటర్లు బావ తిరిగినవి కావు. నేను తిరిగాను.

బండి పంపుహౌసు దగ్గరే ఉండిపోయింది కదా. మూడో రోజు నేను వెళ్ళి తెచ్చాను. తేవడం వరకే అనుకున్నాను. ఇంటి వీధిలోకి తిరిగేసరికి వాకిట్లో చెప్పులు కనిపించాయి, ఎన్ని జతలో. లోపల నువ్వు గోడకి ఆనుకుని కూర్చుని ఉంటావు. ఆ గదిలోకి రావడం నావల్ల కాలేదు. ఆపకుండా పోనిచ్చాను. ఊరు దాటాక పెద్దరోడ్డు. సీటు బావ కాళ్ళకి సరిపడా వెనక్కి ఉంది. నా కాలు అందలేదు. జరపడానికి చెయ్యి రాలేదు, అంచున కూర్చుని నడిపాను. పక్క సీట్లో ఆయన తువ్వాలు ఉంది. దాంతో మాట్లాడాను కూడా. ఏం మాట్లాడానో అడక్కు.

మర్నాడు మందులు తెస్తానని వెళ్ళాను. ఆ మర్నాడు ఇంకేదో చెప్పాను. అలా ఐదు మధ్యాహ్నాలు. ప్లగ్గు పెట్టాలన్న ధ్యాసే లేదు, మొత్తం పెట్రోలు మీదే. ఈ బళ్ళలో బ్యాటరీ చోటు తినేస్తుంది కాబట్టి ట్యాంకు చిన్నది. నేను తొక్కిన తొక్కుడికి ఇట్టే ఖాళీ అయింది. చివరిరోజు పెట్రోలు ముల్లు పక్కన ఎర్ర దీపం వెలిగాక గానీ నాకు బుద్ధి రాలేదు. బంకులో నిండుగా పోయించి మీ షెడ్డులో పెట్టేశాను. సొంత బావ పోతే, అక్కని వదిలేసి ఆయన కారులో షికార్లు తిరిగాడు అంటారని ఎవరికీ చెప్పలేదు. నీకు అసలే చెప్పలేదు.

నువ్వు ఆ ప్రశ్న వేసినప్పుడు తెలిసిపోయిందనుకున్నాను. అందుకే ఒక్క ముక్కలో జవాబు రాసి మాట మార్చేశాను. నేను రాసిందాంట్లో తప్పు లేదు, బండి అలా నడవగలదు. కానీ ఆ బండి ఆ రోజుల్లో అలా నడవలేదు. నిజమైన మాటతోనే నీకు అబద్ధం చెప్పాను అక్కా.

కాబట్టి నువ్వు కాపాడుకుంటున్నది నా పెట్రోలు. అడుగున ఏ మూడు లీటర్లో మిగిలి ఉంటాయి, అవి బావవి. నాదాంతో కలిసిపోయాయి, ఇప్పుడు దేవుడు కూడా విడదియ్యలేడు. తీగ ఏదీ పీకకు. పెట్రోలు ఏడాది నిలవుంటే చెడిపోతుంది, అది ట్యాంకులో ఉండి ఇంజనునే పాడు చేస్తుంది. అందుకే బండి దానంతటదే తగలేస్తుంది. పాతది కాస్త కాలిపోయాక కొన్నాళ్ళు ఊరుకుంటుంది, కొత్తది కొంత పోస్తే పూర్తిగా మానేస్తుంది. ఇది ఎవరి పెట్రోలైనా ఇంతే.

ఆదివారం మా ఇంటికి వద్దామనుకున్నారని నాకు తెలీదు. నా దగ్గరికి రావాల్సిన పెట్రోలు నేనే తగలబెట్టుకున్నాను.

అన్నిటికన్నా నన్ను నిద్రపోనివ్వనిది వేరే ఉంది. ఆ బండిలో బావ చేత్తో పెట్టింది నిజంగా మిగిలి ఉన్నది ఒక్కటే, ఆ ఆరు గంటల గడియారం. దాన్ని నీ చేత ఆర్పించాను. మళ్ళీ వెలిగించవచ్చు, అదే బొత్తాం. కానీ ఇప్పుడు వెలిగిస్తే అది నువ్వు పెట్టినట్టవుతుంది. ఆయన పెట్టినట్టు కాదు. ఆ సంగతి నాకూ తెలుసు.

ఇక రమ్మని అడిగే మొహం నాకు లేదు.

నీ తమ్ముడు


జనవరి 24

అక్కా,

నీనుంచి ఏమీ రాలేదు. నేను రోజూ పోస్టు డబ్బా దగ్గర నిలబడుతున్నాను. మీ మరదలు విషయమేమిటని అడిగింది, మొత్తం చెప్పేశాను. నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఒకే ఒక్క మాట అంది. ఆ తువ్వాలు ఏం చేశావు అంది. ఆ సీట్లోనే మడతపెట్టి వచ్చాను అన్నాను. సరే అంది.

మీ మరదలికి బీపీ ఎక్కువైంది. ఫిబ్రవరి పదిహేడుదాకా ఆగరట, పదో తారీకునే ఆసుపత్రిలో చేర్చమన్నారు. నీకు తెలియాలని రాశాను, అంతే.

తిట్టడానికైనా రాయి.

తమ్ముడు


ఫిబ్రవరి 8

ఒరేయ్ బొంగరం,

ఇది పోస్టులో వెయ్యను. నా చేత్తోనే ఇచ్చి, నువ్వు చదివేలోపు మరదలి దగ్గరికి లోపలికి వెళ్ళిపోతాను. మొహం మీద చెప్పడం మనింట్లో ఎవరికీ చేతకాదు కదా.

నీ ఉత్తరం వచ్చిన రోజు చేతికి దొరికితే నిన్ను కుట్టుమిషను కింద పెట్టి కుట్టేసేదాన్ని. ఏడాదిపాటు లారీవాళ్ళ చేత తిట్లు తింటూ, చలికి వణుకుతూ, నీ పెట్రోలుకి కాపలా కాశానురా! నీ పెట్రోలుకి! పన్నెండు రోజులు షెడ్డు తలుపు తియ్యలేదు. రోజూ నడిచే పనికి వెళ్ళాను. నడుస్తూ నడుస్తూ నిన్ను తిట్టాను. ఒకరోజు తిట్లు అయిపోయాయి. గోడకి ఆనుకుని నేను కూర్చున్నంతసేపూ నువ్వు సీటు అంచున కూర్చుని ఉన్నావన్నమాట. నాకు అప్పుడు తెలిస్తే నీ పక్కన వచ్చి కూర్చునేదాన్ని. వెర్రివెధవా, ఒక్కసారి హారన్ కొట్టి ఉంటే సరిపోయేది.

నేను కూడా ఒక అబద్ధం చెప్పాను. గడియారం ఆపలేదు.

ఆపుదామనే వెళ్ళాను. ప్లగ్గు బొమ్మ నొక్కాను, గడియారం నొక్కాను. ఆరు గంటలు అని కనిపించింది. వేలు అక్కడిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది. ఆపానని రాయకపోతే నువ్వు భయపడతావని రాశాను. అప్పట్నుంచీ రోజూ అయిదూ నలభైకి లేస్తుంది. నేనూ లేస్తాను. షెడ్డు తలుపు తియ్యని ఆ పన్నెండు రోజులు తప్ప, వెళ్ళి పక్క సీట్లో కూర్చుంటాను. ఆయన సీటు వెచ్చబడుతుంది. ఆరయ్యాక హోరు ఆగుతుంది, ఆయన డ్యూటీకి వెళ్ళిపోతారు, నేను లోపలికి వస్తాను. నీ నాలుగు కిలోమీటర్లు అక్కడికి పోతున్నాయి, మెకానిక్కు గారూ. బ్యాటరీకి ఏ నీరసమూ లేదు.

రేపట్నుంచి సెలవు పెట్టి ఈ రోజు బయల్దేరాను. నువ్వన్నట్టే కాస్త కాలాక ఊరుకున్నట్టుంది, ఈసారి ఇంజను మొదట్లో లేవలేదు. నలభై ఒకటో కిలోమీటరు దగ్గర కరెంటు అయిపోయింది. ఇంజను లేచింది. బండి పక్కకి తియ్యలేదు, చెవులు మూసుకోలేదు. ముల్లు మొదటిసారి కదిలినప్పుడు చూశాను, వెంట్రుకవాసి. హీటరు వేశాను. శాలువా తీసి ఆ తువ్వాలు మీద పెట్టాను. ఇప్పుడు సగం దారిలో ఒక బంకు పక్కన ఆగి ఇది రాస్తున్నాను. కొత్త పెట్రోలు పోయించాను. పుస్తకంలో ఆయన రాసిన 31412 కింద ఇవాళ్టి అంకె నా చేత్తో రాశాను. మధ్యలో నువ్వు పోయించిన నాటి అంకె రాయలేదు, అది నువ్వే వచ్చి రాయి.

రాసేటప్పుడు లెక్క చూశాను. ఎన్ని తిరిగావో నువ్వు రాయలేదు. కానీ బండిలో రెండో అంకె ఒకటి ఉంది, మధ్యలో సున్నా చేసుకుని లెక్కపెట్టుకునేది. పంపుహౌసు దగ్గర ఎక్కగానే అలవాటుకొద్దీ నువ్వు సున్నా చేసుంటావు, ప్రతి బండికీ చేస్తావు కదా. మొదటిసారి బండిలో కూర్చున్న రోజే దాన్ని కూడా పుస్తకం అట్టమీద రాసుకున్నాను, ఏమిటో తెలీకుండానే. నాలుగు వందల నాలుగు. శుక్రవారం బంకు నుంచి ఇంటికి నాలుగు, శనివారం డ్యూటీకి పదకొండు, నీవి నాలుగు వందల నాలుగు. కలిపితే నాలుగు వందల పంతొమ్మిది. కానీ బండి తిరిగింది నాలుగు వందల అరవై.

నలభై ఒకటి తేలడం లేదురా. సరిగ్గా ఒక్క ఛార్జింగుకి వచ్చేంత.

ఆ నలభై ఒకటికి నీ రెండో అంకె ఎందుకు కదల్లేదో, పెద్ద అంకె ఎందుకు కదిలిందో నీ దగ్గర ఏదో జవాబు ఉండే ఉంటుంది. మీ మేస్త్రి దగ్గరా ఉంటుంది. నాకు చెప్పొద్దు. నీ పెట్రోలు నీకు తెచ్చి ఇచ్చేస్తున్నాను. ఆ నలభై ఒకటి మాత్రం నావి. వాటి జోలికి రాకు.

చీకటి పడకముందే చేరతాను. ఇది చదవగానే కిటికీలోంచి వైరు వెయ్యి, బండికి ప్లగ్గు పెట్టాలి. రేపు సోమవారం. పొద్దున అయిదూ నలభైకి మీ ఇంటి ముందు అది లేస్తుంది. మరదలికి ముందే చెప్పు, ఉలిక్కిపడుతుంది. నువ్వు మాత్రం లేచి రా. నేను పక్క సీట్లో ఉంటాను. నువ్వు వెనక కూర్చో.

అక్క